హైదరాబాద్ పోలీస్ ఫుట్‌బాల్ టీము కథ: గెలిచింది మనోళ్లే, మరిచింది మనమే

మొన్న యాలాల్ బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల కూసున్న. పక్క బెంచి మీద నలుగురు పోరగాండ్లు. ఇద్దరు నాపరాయి పాలిషింగ్ పనికి వోతరు, ఒకడు తాండూరుల డిగ్రీ, ఇంకొకడు ఇంటర్ ఫెయిలై కందిచేను కాడ ఉంటుండు. నలుగురి మీద ఇంగ్లండు క్లబ్బుల బనీన్లే. ఒకడు మాంచెస్టర్, ఒకడు ఆర్సెనల్, ఇంకొకడు లివర్‌పూల్. రాత్రి మ్యాచుల ఎవడు గోల్ కొట్టిండో, ఎవడు తప్పు జేసిండో కొట్లాడుకుంటుండ్రు. ఆ ఊరు ఏ దిక్కు ఉంటదో తెల్వదు గానీ, ఆ టీముల పదకొండుగురి పేర్లు ఇంటోళ్ల పేర్లు చెప్పినట్టు చెప్తుండ్రు.

నేను ఊకుండలేక అడిగిన: "తమ్మీ, మన హైదరాబాద్ టీముల ఆడినోళ్ల పేర్లు ఒక్కటన్న చెప్తవా?"

వాడు నవ్విండు. "మనకు ఫుట్‌బాల్ యాడుందన్నా? మనకు ఉన్నదంత క్రికెట్టే" అన్నడు.

తప్పు వానిది గాదు. వాని బడి పుస్తకంల గా ముచ్చట లేదు, టీవీల లేదు, ఇంట్ల తాత చెప్పలేదు. గందుకే ఇది రాస్తున్న. ఒక జమానాల దేశం మొత్తం ఫుట్‌బాల్ అంటే కలకత్తా పేరు ఎంత చెప్పేదో, హైదరాబాద్ పేరు గంతే చెప్పేది. గా పేరు తెచ్చింది కోట్లు పెట్టిన కంపెనీ కాదు. పొద్దంత డ్యూటీ జేసే పోలీసోళ్ల టీము, బడిల పాఠాలు చెప్పుకునే ఒక పంతులు.

చిన్న క్లబ్బు అంటే ఏంది?

ముందుగాల జర ఇంగ్లండు సంగతి అర్థం చేసుకుందాం. మీరు ఫోన్ల చూసే ప్రీమియర్ లీగ్‌ల ఉండేటివి 20 క్లబ్బులు. దాని కింద మూడు మెట్లు, వాటిల 72 క్లబ్బులు. మొత్తం 92. గీ 92 కింద మళ్లా మెట్ల మీద మెట్లు, వందల క్లబ్బులు ఉన్నయి. వాటినే నాన్-లీగ్ క్లబ్బులు అంటరు. అంటే లీగ్ లేదని కాదు, పెద్ద లీగుల లేవని. అక్కడ ఆడేటోళ్లల్ల కరెంటు పనోళ్లు, డ్రైవర్లు, బడి పంతుళ్లు మస్తుమంది ఉంటరు. పొద్దంత పని జేసి పొద్దుమీకి ప్రాక్టీసు చేస్తరు. శనివారం మ్యాచు ఆడతరు. టికెట్లు ఊరోళ్లే అమ్ముతరు, గడ్డి ఊరోళ్లే కోస్తరు, చాయ్ ఊరోళ్లే పోస్తరు.

లోకంల అన్నిట్ల కంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు షెఫీల్డ్ ఎఫ్‌సీ. 1857ల పుట్టింది. మన దేశంల సిపాయిల తిరుగుబాటు నడిచిన ఏడాది. గా క్లబ్బు ఇప్పటికీ నాన్-లీగ్‌లనే ఉన్నది. 160 ఏండ్లు దాటినా చిన్నదే, కానీ సావలేదు. ఎందుకు సావలేదు? దాని ఊరోళ్లు దాన్ని వదలలేదు గనుక.

గిప్పుడు మన కథకు వద్దాం. మన టీము దేశాన్నే గెలిచింది. అయినా యాదిల నుంచి వోయింది. గీ రెండిటి నడిమిట్ల ఫరకు ఏందో తెల్సుకునుడే ఇయ్యాల్టి ముచ్చట.

దండు తెచ్చిన ఆట

మన దేశానికి ఫుట్‌బాల్ తెచ్చింది తెల్లోళ్ల దండు. సిమ్లాల 1888ల డ్యూరాండ్ కప్పు మొదలువెట్టిండ్రు. బొంబాయిల 1891ల రోవర్స్ కప్పు, కలకత్తాల 1893ల ఐఎఫ్ఏ షీల్డ్. మొదట్ల గీ కప్పులన్నీ తెల్ల రెజిమెంట్లు వాళ్లల్ల వాళ్లే ఆడుకునేది. 1911ల మోహన్ బగాన్ టీము, ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడగొట్టి షీల్డ్ గెలిచినప్పుడు, గది ఆట గెలుపు లెక్క కాదు, తెల్లోడు కూడా ఓడిపోతడని జనానికి తెల్సిన రోజు లెక్క అయింది.

మన దిక్కు సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉండె. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ గీ జాగలన్నీ దండు ఉన్న జాగలే. సిపాయిలు పొద్దుమీకి ఆడుతుంటే, గేటు బయట నిలవడి చూసిన పోరగాండ్లు బట్టలు చుట్టి బంతి జేసుకొని ఆడిండ్రు. దండుల కొలువుల కోసం మద్రాసు దిక్కు నుంచి వచ్చిన అరవ కుటుంబాలు, పాతబస్తీ ముస్లిం పోరగాండ్లు, బొల్లారం దిక్కు క్రైస్తవ పిలగాండ్లు అందరు కలిసి ఆడిన ఆట ఇది. టెన్నిస్‌కు రాకెట్ కావాలె, క్రికెట్‌కు బ్యాటు, ప్యాడ్లు కావాలె. దీనికి ఒక్క బంతి ఉంటే ఇరవై మంది ఆడొచ్చు. గరీబోళ్ల బస్తీలల్ల గిది పాకుటానికి అసలు కారణం గదే.

పోలీసు టీము ఎట్ల వచ్చింది?

నిజాం జమానాలనే హైదరాబాద్ పోలీసుల ఆటగాళ్లను కొలువులకు తీసుకునుడు ఉండె. గా టీమును అప్పట్ల సిటీ అఫ్గాన్స్ అనేటోళ్లు. 1943ల బెంగుళూరుల యాష్ గోల్డ్ కప్పు ఫైనల్ల తెల్లోళ్ల రాయల్ ఎయిర్ ఫోర్స్ టీమును ఓడగొట్టిండ్రు. గప్పుడే దేశం జర తలకాయ తిప్పి హైదరాబాద్ దిక్కు చూసింది. గా తొలి రోజులల్ల టీముకు ఆట నేర్పింది నార్బర్ట్ ఫ్రూవాల్ అనే ఆయన.

పోలీసుల కొలువు అంటే ఆటగాడికి ఏం లాభం? జర ఆలోచించుండ్రి. ఆటతోని పైసలు రాని కాలం. బస్తీ పోరడు ఎంత మంచిగ ఆడినా, పెండ్లి అయ్యి పిల్లలైతే ఆట బంద్ అయ్యేది. కానిస్టేబుల్ కొలువు ఇస్తే నెల జీతం వస్తది, వరదీ వస్తది, ఆడుకునే జాగ ఉంటది, మ్యాచుకు వోతే సెలవు దొరుకుతది. ఆటగాడు ఆటగాడి లెక్కనే ఉండొచ్చు. గిప్పటి భాషల చెప్పాలంటే గా కొలువే వాళ్ల కాంట్రాక్టు.

1948ల పోలీస్ యాక్షన్ అయింది. సంస్థానం వోయింది. ఊర్లు ఆగమైనయి, మనుషుల నడిమిట్ల భయం, అనుమానం నిండినయి. గా తర్వాత రెండేండ్లకే గదే హైదరాబాద్ నుంచి నూర్, మొయిన్, అజీజ్, లతీఫ్, జమాల్, సూసై అనే పేర్లున్న పోలీసోళ్లు ఒక్క టీముగ బొంబాయి, ఢిల్లీ వోయి కప్పులు తెచ్చిండ్రు. హైదరాబాద్ పేరు చెప్తే దేశం అల్లర్లనే యాది చేసుకునే దినాలల్ల, గీ పదకొండుగురు ఇంకొక ముచ్చట చెప్పేటట్టు చేసిండ్రు. పుస్తకాలల్ల దీని గురించి ఎక్కువ రాయలేదు. నా లెక్కల గది చిన్న సంగతి కాదు.

రహీం సారు

గిప్పుడు అసలు మనిషి. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909ల హైదరాబాద్‌ల పుట్టిండు. ఉస్మానియాల చదివిండు, ఖమర్ క్లబ్ తరఫున ఆడిండు. కొలువు బడి పంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులల్ల పనిచేసిండు. 1943ల హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయిండు. 1950ల పోలీసు టీముకు కోచ్ అయిండు, గదే కాలంల దేశం టీముకు కూడా కోచ్ అయిండు. గప్పటి నుంచి సచ్చేదాక రెండు పనులు చేసిండు.

ఆయన గొప్పతనం ఏంది? పెద్ద పెద్ద మాటలు పక్కన వెడదాం, ఆయన చేసిన పని చూద్దాం.

మొదటిది. మనోళ్లకు బంతి దొరికితే ఇడిసేటోళ్లు కాదు. ఒక్కడే నలుగురిని తప్పించి గోల్ కొట్టాలని పాకులాడేటోడు. చూసేటోళ్లు చప్పట్లు కొడతరు, కానీ మ్యాచు పోతది. రహీం సారు ఏం చేసిండు? డ్రిబ్లింగ్ బంద్ అని రూలు వెట్టి టోర్నమెంట్లు నడిపిండు. బంతి వచ్చిందా, తట్టు, ఇంకొకనికి ఇయ్యి, నువ్వు ఉరుకు. అట్ల ఆడుడు అలవాటైతే టీము మొత్తం ఒక్క మనిషి లెక్క కదులుతది.

రెండోది. కుడి కాలోడు కుడి కాలుతోనే కొడతడు. ఎదురుంగ ఉన్నోనికి గది తెల్సు, అటే అడ్డం వస్తడు. సారు ఇంకొక రూలు వెట్టిండు: గీ టోర్నమెంటుల బలం లేని కాలుతోనే కొట్టాలె. మొదట్ల అందరు నవ్విండ్రు. రెండు మూడు నెలలల్ల ఆటగాడు రెండు కాళ్లోడు అయిండు.

మూడోది దమ్ము. అప్పట్ల మన దేశంల మ్యాచు 70 నిమిషాలే. బయటి దేశాలల్ల 90. ఆఖరి 20 నిమిషాలల్ల మనోళ్లు కుదేలయ్యేది. గందుకే ఉరుకుడు, ఎక్సర్‌సైజు గట్టిగ పెట్టిండు.

నాలుగోది నిలవడే తీరు. అప్పటిదాక వెనుక ఇద్దరో ముగ్గురో, ముంగట అయిదుగురు అనే లెక్క. రహీం సారు ముంగట ఉండే నడిమి ఆటగాణ్ని జర వెనక్కి గుంజిండు. వాణ్ని కాపల కాసేటోనికి ఎటు వోవాలెనో సమజ్ కాదు. వెంబడి వోతే వెనుక జాగ ఖాళీ అయితది, వోకపోతే వాడు ఇష్టమున్నట్టు బంతి పంచుతడు. తర్వాత 4-2-4 అనే పేరుతోని 1958 ప్రపంచ కప్పుల బ్రెజిల్ ఆడి లోకమంత పేరువెట్టిన తీరు గదే. మన పంతులు గా తీరును అంతకు ముందే 1956 ఒలింపిక్స్‌ల మన టీముతోని ఆడిపిచ్చిండని ఆట చరిత్ర రాసినోళ్లు చెప్తరు.

ఇంటర్నెట్ లేదు, వీడియో లేదు. పేపర్లు, పుస్తకాలు చదివి, బయటి టీములు ఆడుతుంటే చూసి, రాసుకొని నేర్చుకున్నడు. చేతుల ఫోన్ ఉండి కూడా మాకు నేర్పేటోడు లేడనే తమ్ముళ్లు, చెల్లెండ్లు జర గీ ముచ్చట మనసుల వెట్టుకోవాలె.

ఐదేండ్లు, ఐదు కప్పులు

1950 నుంచి 1954 దాక బొంబాయి రోవర్స్ కప్పు వరుసగ ఐదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ లాంటి పెద్ద పెద్ద కలకత్తా క్లబ్బులకు కూడా గా రికార్డు లేదు. 1950లనే ఢిల్లీల డ్యూరాండ్ కప్పు ఫైనల్ల మోహన్ బగాన్‌ను ఓడగొట్టిండ్రు. తర్వాత డ్యూరాండ్ 1954ల, 1957ల మళ్లా గెలిచిండ్రు. 1957ల రోవర్స్ కూడా గెలిచిండ్రు.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. టీము పేరు కూడా మారి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పేరు మారినా ఆట మారలేదు. 1960ల రోవర్స్, 1961ల డ్యూరాండ్, 1962ల ఈస్ట్ బెంగాల్‌తోని కలిసి రోవర్స్, 1963ల మళ్లా రోవర్స్. మొత్తం లెక్కవెడితే 9 రోవర్స్ కప్పులు, 4 డ్యూరాండ్ కప్పులు. రాష్ట్రాల నడిమిట్ల ఆడే సంతోష్ ట్రోఫీని 1956-57ల, 1957-58ల హైదరాబాద్ పేరు మీద గెలిచినం. 1965-66ల ఆంధ్రప్రదేశ్ పేరు మీద గెలిచినం. గదే ఆఖరుసారి.

ఇక్కడ మన తాండూరు, యాలాల్ పోరగాండ్లకు ఒక ముచ్చట చెప్పాలె. హైదరాబాద్ నుంచి బొంబాయి రైలు తొవ్వ ఏది? వికారాబాద్, తాండూరు, వాడి, గుల్బర్గ, సోలాపూర్. నిజాం కాలంల ఏసిన పట్టాలు గవే. రోవర్స్ కప్పు కోసం ఏటేటా బొంబాయికి వోయిన పోలీసోళ్లు రైలుల వోయిండ్రంటే గీ తొవ్వనే వోయి ఉంటరు. కప్పు సంకల వెట్టుకొని గీ తొవ్వనే మళ్లి ఉంటరు. తాండూరు టేషన్ల రైలు ఆగినప్పుడు చాయ్ తాగిండ్రో లేదో నాకెట్ల తెలుస్తది. కానీ చరిత్ర మన కండ్ల ముంగట నుంచే దాటివోయింది, మనం చెయ్యి కూడా ఊపలేదు అని నాకు రైలు చూసినప్పుడల్ల అనిపిస్తది.

రోజుకొక రూపాయి సైకిల్ కిరాయి

తులసీదాస్ బలరాం పేరు యాది వెట్టుకోండ్రి. 1936ల సికింద్రాబాద్ దిక్కు అమ్ముగూడల పుట్టిండు. గరీబు అరవ కుటుంబం. బూట్లు కొనే తాకత్ లేదు. పోలీసోళ్లు పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేటాయన కాడికి తీసుకవోయి, ఆడుకునే బూట్ల లెక్క కుట్టిచ్చుకున్నడని ఆయనే చెప్పుకునేటోడంటరు. పోరని ఆట రహీం సారు కండ్ల వడ్డది. ప్రాక్టీసుకు రమ్మన్నడు. అమ్ముగూడ నుంచి రానీకి పైసలు లేవన్నడు పోరడు. సారు సైకిల్ కిరాయికి రోజుకొక రూపాయి ఇచ్చిండట.

గా రూపాయి ఏం చేసిందో చూడుండ్రి. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వోయిండు. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టిండు. 1962 ఏషియన్ గేమ్స్‌ల బంగారు పతకం గెలిచిన టీముల ఉన్నడు. అర్జున అవార్డు వచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు చేసి 1963ల, ఇంకా నిండ వయసుల ఉండంగనే ఆట ఇడిసిండు. 2023 ఫిబ్రవరిల బెంగాల్‌లనే సచ్చిపోయిండు. అమ్ముగూడ పోరడు, బెంగాల్‌ల మస్తు పేరున్నోడు. మన దిక్కు ఎంతమందికి తెలుసు?

దేశం టీముల మనోళ్లు

1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌ల రహీం సారు టీము ఇరాన్‌ను 1-0తోని ఓడగొట్టి బంగారు పతకం తెచ్చింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌ల యుగోస్లావియా చేతుల 10-1తోని ఓడినం. మనోళ్లల్ల చానామంది ఉత్త కాళ్లతోనే, సలిల, తడి గడ్డి మీద ఆడిండ్రు. గా దెబ్బతోని బూట్లు ఎయ్యాల్సిందే అనేది ఖరారైంది. ఓటమిల నుంచి నేర్చుకునుడంటే గది.

1956 మెల్‌బోర్న్‌ల ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదనే 4-2తోని కొట్టి సెమీఫైనల్‌కు వోయినం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్ల సెమీస్‌కు వోయిన మొదటి ఆసియా దేశం మనదే. నాలుగో జాగల నిలిచినం. గా టీముల నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఇట్ల హైదరాబాద్ మట్టిల ఆట నేర్చినోళ్లు మస్తుమంది ఉన్నరు.

ఇగ 1962 జకార్తా. సారుకు అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచుల దక్షిణ కొరియా చేతుల 2-0తోని ఓడినం. థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, సెమీస్‌ల దక్షిణ వియత్నాంను కొట్టి ఫైనల్‌కు వచ్చినం. ఎదురుంగ మళ్లా గదే కొరియా. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానియ్యలేదని మన దేశపు పెద్దమనిషి ఒకాయన మాట్లాడిన మాటకు జకార్తా జనం మన మీద మండివడుతుండ్రు. స్టేడియం నిండ జనం, మనోళ్లకు బంతి దొరికితే చాలు లొల్లి లొల్లి. సారు ఒక ఎత్తు ఏసిండు. తలకాయకు కుట్లు వడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను గోల్ కొట్టనీకి ముంగటికి తోలిండు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టిండ్రు. 2-1. సెప్టెంబర్ 4, 1962. బంగారు పతకం. బలరాం, తంగరాజ్, ఆంధ్రప్రదేశ్ పోలీస్ టీము యూసుఫ్ ఖాన్ గా ఫైనల్ల ఆడిండ్రు.

తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సారు సచ్చిపోయిండు. గా తర్వాత ఇయ్యాల్టిదాక ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ల మన దేశానికి బంగారం రాలేదు. 1970ల కంచు వచ్చింది, గా టీముకు కెప్టెన్ హైదరాబాద్ నయీముద్దీనే. గండ్లనే ఆడిన హబీబ్ కూడా మనోడే. 2024ల రహీం సారు మీద 'మైదాన్' అని హిందీ సినిమా వచ్చింది. సినిమా వచ్చినంక మనోళ్లు జరంత మంది ఆయన పేరు ఇన్నరు. అరవై ఏండ్లు వట్టింది.

ఎందుకు వోయింది?

ఒక్క మనిషి సచ్చిపోతే ఆట సస్తదా? సావొద్దు. కానీ మన దిక్కు అట్లనే అయింది. నా బుద్ధికి తోచిన కారణాలు చెప్తా.

ఒకటి, అంతా ఒక్క మనిషి తలకాయలనే ఉండె. ఆయన పద్ధతిని బడులల్ల, బస్తీలల్ల నిలబెట్టే ఏర్పాటు లేకుండె. పంతులు వోతే పాఠం వోయింది.

రెండు, పైసలు కలకత్తాల ఉండె. అక్కడి క్లబ్బులకు లక్షల మంది అభిమానులు, టికెట్ పైసలు. బలరాం వోయిండు, నయీం వోయిండు, హబీబ్ వోయిండు, ఆయన తమ్ముడు అక్బర్ వోయిండు. వాళ్లను తప్పువట్టుడు కాదు. దుబాయికి వోయేటోణ్ని తప్పువడతమా? ఊర్లె కూడు దొరికితే ఎవ్వడు వోడు.

మూడు, గిది అన్నిట్ల కంటే పెద్దది. గా టీము డిపార్ట్‌మెంటు టీము. ఆటంటే పానమిచ్చే ఆఫీసరు ఉన్నన్ని రోజులు నడుస్తది. ఆటగాళ్లకు కొలువులు ఇచ్చినన్ని రోజులు నడుస్తది. కొలువులు ఆగితే కొత్త నెత్తురు ఆగుతది. జనం చప్పట్లు కొట్టిండ్రు, నిజమే. కానీ జనం దాంట్ల మెంబర్లు కాదు. కష్టమొస్తే అడిగే హక్కు లేదు, మోసే బాధ్యత లేదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మెంబర్ల క్లబ్బులు. గా జనమే వాటిని ఇయ్యాల్టిదాక మోస్తుండ్రు.

నాలుగు, ఆడుకునే జాగలు. బస్తీ మైదానాలు బిల్డింగులైనయి. సంఘాలల్ల పంచాయితీలు వచ్చినయి. 1983 తర్వాత ప్రతి గల్లీల క్రికెట్టే.

మొన్నటి కథ కూడా గంతే

2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ అని కొత్త క్లబ్బు ఇండియన్ సూపర్ లీగ్‌లకు వచ్చింది. కరోనా వల్ల రెండు సీజన్లు అన్ని టీముల మ్యాచులు గోవాలనే అయినయి. 2022 మార్చి 20న ఫటోర్డా స్టేడియంల కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలల్ల ఓడగొట్టి మన టీము చాంపియన్ అయింది. ఒక్క మ్యాచు హైదరాబాద్‌ల ఆడకుండనే హైదరాబాద్ చాంపియన్! రెండేండ్లు తిరగకముందే జీతాల తిప్పలు వచ్చినయి. ఆటగాళ్లు ఒక్కొక్కరు వోయిండ్రు, 2023-24ల ఆఖరి జాగల నిలిచినం. ఓనర్లు మారిండ్రు. 2025ల క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకే వోయింది. అభిమానులను అడిగినోడు లేడు. కిరాయి ఇల్లు ఖాళీ చేసినట్టు చేసి వోయిండ్రు.

గిసొంటిదే ఇంగ్లండుల కూడా అయింది. లండన్‌ల వింబుల్డన్ అనే క్లబ్బు ఉండె. 2002ల దాని ఓనర్లు 90 కిలోమీటర్ల దూరంల ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి తీసుకవోతమంటే, పెద్దలు సరే అన్నరు. అభిమానులు ఏడ్సుకుంట కూసోలేదు. కొన్ని వారాలల్లనే సొంతంగ ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టిండ్రు. ఆటగాళ్లను ఎంచుకునేటందుకు ఊరి పక్క మైదానంల, ఎవరైనా రావొచ్చని చాటిచ్చిండ్రు. నాన్-లీగ్‌ల అడుగు మెట్ల నుంచి మొదలువెట్టి, 9 సీజన్లల్ల 5 మెట్లెక్కి 2011ల పెద్ద లీగులకు వచ్చిండ్రు. 2020ల పాత వీధిలనే సొంత స్టేడియం కట్టుకున్నరు. గా క్లబ్బు మీద పెత్తనం ఇప్పటికీ అభిమానుల ట్రస్టుదే.

చూసిండ్రా? రెండు కాడ్ల ఓనరు క్లబ్బును తీసుకవోయిండు. ఒక కాడ జనం దాన్ని మళ్లా పుట్టిచ్చుకున్నరు. ఇంకొక కాడ మనం ఫోన్ల వార్త చూసి పక్కకు జరిపినం.

మరి మనం చేసేదేంది?

ఉత్త బాధవడుడు నాకు చేతకాదు. చేసే పని చెప్తా.

ఊర్లె ఏడుగురు ఉంటే సొసైటీ రిజిస్టర్ చేసుకోవొచ్చు, చట్టం ఒప్పుకుంటది. పేరు, రూల్స్, ఒక బ్యాంకు ఖాతా, ఒక లెక్కల పుస్తకం. లీడరు ఎవరైనా కానీ, పెత్తనం మెంబర్లది ఉండాలె. ఎవనో ఒక్క నాయకుని పైసల మీద నిలవడే టీము ఎలక్షన్ల మరునాడే కూలవడతది. నెలకు ఇంత అని తలా కొంత వేసుకున్న టీము పదేండ్లు నిలుస్తది.

పెద్ద మైదానం లేదని కూసోవొద్దు. కోసిన కందిచేను చాలు. అయిదుగురు అయిదుగురు ఆడుండ్రి. పెద్దోళ్లకు అయిదో నంబరు బంతి, పన్నెండేండ్ల లోపోళ్లకు నాలుగో నంబరు. రహీం సారు రూల్స్ రెండు పైసా ఖర్చు లేనివి: ఒక ఆదివారం డ్రిబ్లింగ్ బంద్, ఒక ఆదివారం బలం లేని కాలు. పెట్టి చూడుండ్రి, ఆరు నెలలల్ల ఫరకు కనవడతది.

బడి గ్రౌండును కాపాడుకోండ్రి. గది సర్వే నంబరు ఎంత, హద్దులు యాడిదాక అనేది రాసివెట్టుకోండ్రి. ఇయ్యాల ఒక మూలకు ఇసుక కుప్ప వోస్తరు, రేపు గోడ వడతది. ఒక్కసారి వోయిన మైదానం మళ్లీ రాదు.

ఆడపిల్లలను పక్కకు వెట్టొద్దు. సౌమ్య గుగులోత్ పేరు ఇన్నరా? నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ. దేశం టీముల ఆడుతున్నది, యూరప్‌ల క్రొయేషియా క్లబ్బుకు కూడా ఆడింది, 2024-25కు దేశంల మేటి మహిళా ఫుట్‌బాలర్ అవార్డు గెలిచింది. మన యాలాల్, తాండూరు దిక్కు ఎన్ని తండాలు లేవు? ఎంతమంది సౌమ్యలు మబ్బుల లేచి పత్తి ఏరుడుకు వోతలేరు?

దగ్గర్ల అవకాశం లేదనుకోవొద్దు. వికారాబాద్ నుంచి హైదరాబాద్ వోయే తొవ్వల, మొయినాబాద్ కాడ అజీజ్‌నగర్‌ల డెక్కన్ అరీనా స్టేడియం ఉన్నది. అక్కడ ఆడే శ్రీనిధి డెక్కన్ టీము 2022-23ల, 2023-24ల ఐ-లీగ్‌ల రెండో జాగల నిలిచింది. 2024 డిసెంబర్ల సంతోష్ ట్రోఫీ ఆఖరి పోటీలు హైదరాబాద్‌లనే అయినయి. బస్సు ఎక్కితే అందే దూరంల ఉన్నది ఆట. పది మంది కలిసి ఒక్క మ్యాచు చూసి రాండ్రి. ఫోన్ల చూసుడు వేరు, గడ్డి వాసన పీల్చుకుంట చూసుడు వేరు.

ఆఖరికి, రాసుకోండ్రి. మీ ఊర్లె ఎవరెవరు ఆడిండ్రు, ఏ ఏడు ఏ ఊరి మీద గెలిచిండ్రు, ఎన్ని గోల్సు, ఒక నోటుబుక్కుల రాసివెట్టుండ్రి. హైదరాబాద్ పోలీస్ టీము తొమ్మిది రోవర్స్ కప్పులు గెలిచి కూడా మన యాదిల లేకుండ వోయిందంటే, కప్పులు తక్కువై కాదు, చెప్పేటోళ్లు లేక.

చాయ్ హోటల్ల పోరనికి గీ కథంత చెప్పిన. చాయ్ సల్లారింది. వాడు జరసేపు ఊకుండి అడిగిండు, "అన్నా, గా టీము బనీను ఏ రంగుండె?"

నాకు తెల్వదు తమ్మీ అన్న. తెల్సుకొని చెప్పురా, గీసారి గదే కుట్టిచ్చుకుందాం అన్న.